చెరువు పక్కన ప్లాటు: రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు కట్టొచ్చా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక చిన్న పట్టణం. రెండేళ్ల కిందట ఊరి చెరువు పక్కన 200 గజాల ప్లాటు కొని రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఇంటి లోను కూడా తీసుకున్నాను. పునాది తీస్తుంటే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, ఇది ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో) ఉందంటూ పని ఆపమన్నారు. అమ్మినాయన మాత్రం ‘పట్టా భూమే, ఏం కాదు, కట్టుకో’ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఇవాళే మేస్త్రీకి ఫోన్ చేసి పని ఆపించండి. లోనులో ఇంకా తీసుకోని విడతలుంటే తీసుకోకండి. మీ టెన్షన్ నాకు తెలుస్తోంది. కానీ ఇప్పుడు పోసే ప్రతి బస్తా సిమెంటూ మీ నష్టాన్ని పెంచేదే.

రిజిస్ట్రేషన్‌తో మీకు వచ్చేది అమ్మినాయనకు ఉన్న హక్కే. ఆయనకే లేని హక్కు దస్తావేజు రాసినంత మాత్రాన పుట్టదు. ఇక పట్టా సంగతి. మన చెరువులు వాగుకో వాననీటికో కట్ట అడ్డం వేసి నిలిపినవి. అందుకే నీళ్లు పరుచుకునే చోట రైతుల పట్టా భూములు కూడా ఉంటాయి. శిఖం పట్టా అనేది వాటినే. నీళ్లు తగ్గాక అందులో పంట వేసుకోవచ్చు గానీ, మట్టి పోసి పూడ్చి ఇల్లు కట్టడానికి వీల్లేదు.

చెరువు నిండి నీళ్లు అలుగు (మిగులు నీళ్లు బయటికి పోయే చోటు) అంచును తాకినప్పుడు ఎంతవరకు పరుచుకుంటాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ప్లాటు వేసవిలో చూపిస్తారు. నేల బీటలు వారి, తుమ్మచెట్లు మొలిచి ఉంటుంది. నీళ్లెక్కడో దూరంగా కనిపిస్తాయి. చట్టం లెక్క మాత్రం అలుగు ఎత్తును బట్టే. ఆ గీత దాటినా బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, ఉంటుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి.

నోటిమాటల మీద ఆధారపడకండి. మీ సర్వే నంబరు వేసి ఎఫ్‌టీఎల్ మ్యాపు కోసం ఇరిగేషన్ శాఖకు, పాత పహాణీ (భూమి రికార్డు) నకళ్ల కోసం తహసీల్దారుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ ఎదుటే సర్వే చేయమని కూడా రాతపూర్వకంగా అడగండి. గీత, బఫర్ ప్లాటులో ఒక మూల నుంచే పోతుంటే మిగిలిన జాగాకు అనుమతి అడగొచ్చు. మున్సిపాలిటీ నుంచి నోటీసు వస్తే గడువులోగా జవాబివ్వండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) కింద ఫీజు కడితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎఫ్‌టీఎల్ స్థలాలకు అది వర్తించదు. పైగా ఆ జాగా పట్టా కాదు, సర్కారు శిఖమని (ప్రభుత్వ చెరువు భూమి అని) తేలితే మరీ కష్టం. ఊరి చెరువు ఆక్రమణల గురించి 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి ఉంటున్నామన్నా, ఇంటికి బోలెడు ఖర్చు పెట్టామన్నా ఒప్పుకోలేదు.

ప్లాటు మొత్తం గీత లోపలే ఉంటే మీ పోరాటం అమ్మినాయన మీద. శిఖమన్న సంగతి దాచి అమ్మితే అది మోసం. ఆ అమ్మకాన్ని రద్దు చేసి డబ్బు తిరిగి ఇప్పించమని సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. మోసం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చిన తేదీని ఈరోజే రాసి పెట్టుకోండి. బ్రోచర్, రసీదులు, ఆయన పంపిన వాట్సాప్ మెసేజులు, ఏవీ పారేయకండి.