ఎంబీఏ వద్దు, రీసెర్చ్ మాస్టర్స్ చేస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీబీఏ చివరి సెమిస్టర్‌లో ఉంది. మార్కులకు లోటు లేదు. ఎంబీఏ చేయిద్దామని మేమనుకుంటుంటే, తను మాత్రం బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో రీసెర్చ్ మాస్టర్స్ చేస్తానని పట్టుబట్టింది. అది చదివితే లెక్చరర్ ఉద్యోగం తప్ప ఇంకేమీ రాదని బంధువులు భయపెడుతున్నారు. ముందు ఎంబీఏ కానిచ్చేస్తే, కావాలంటే తర్వాత పీహెచ్‌డీ చేసుకోవచ్చు కదా అని మా వారంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బంధువులేమన్నారో రాశారు, మీ వారేమన్నారో రాశారు. అమ్మాయికి ఈ చదువు ఎందుకు కావాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఏమీ అనుకోకండి, నా జవాబంతా ఆ ‘ఎందుకు’ చుట్టూనే ఉంటుంది.

పేరుకు రెండూ మేనేజ్‌మెంట్ చదువులే, పని మాత్రం వేరు. చేతిలో ఉన్న కాస్త సమాచారంతో, ఉన్న కాస్త సమయంలో నిర్ణయం తీసుకోవడం ఎంబీఏలో నేర్పుతారు. ఆ నిర్ణయాలకు ఆధారంగా మనం నమ్ముతున్న సంగతులు అసలు నిజమేనా అని తేల్చడం రీసెర్చ్ మాస్టర్స్‌లో నేర్పుతారు. ఒక ఉదాహరణ చెబుతాను, తేడా తెలుస్తుంది.

ఇంటి నుంచి పనిచేస్తే ఉద్యోగులు బద్ధకిస్తారా, ఎక్కువ పనిచేస్తారా? ఈ ప్రశ్న అడిగితే ఎవరి అభిప్రాయం వాళ్లు చెబుతారు. చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో 2010 చివర్లో దీన్ని తేల్చడానికి పూనుకున్నారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు కాల్ సెంటర్ ఉద్యోగులను అడిగితే, ఇంటి నుంచి చేయడానికి ముందుకొచ్చి, అర్హత కూడా ఉన్నవాళ్లు సుమారు 250 మంది తేలారు. వాళ్లలో పుట్టినతేదీ సరి సంఖ్య అయినవాళ్లను ఇంటి నుంచి చేయమన్నారు. బేసి సంఖ్య అయినవాళ్లు ఆఫీసులోనే ఉన్నారు. తొమ్మిది నెలలు అలాగే నడిచింది.

పుట్టినతేదీ ఎందుకంటారా? ఇంటి నుంచి చేస్తామన్నవాళ్లందరినీ పంపేసి, వద్దన్నవాళ్లతో పోల్చి చూస్తే, వచ్చిన తేడా ఇంటి వల్ల వచ్చిందో ఆ మనుషుల స్వభావం వల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. పుట్టినతేదీ మనిషి కష్టజీవా సోమరా అని చూడదు కదా. చివరికి ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం విరామాలు, సెలవులు తగ్గి, పనిచేసిన నిమిషాలు పెరగడం వల్ల వచ్చింది. ఆ తర్వాత ఎవరికి నచ్చిన చోటు వాళ్లు ఎంచుకోవచ్చని చెబితే, సగానికి పైగా మనసు మార్చుకున్నారు. అలా ఎంచుకోనిచ్చాక పనితీరులో పెరుగుదల 22 శాతం దాకా వెళ్లింది. ఈ పరిశోధన 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్ అనే పరిశోధనా పత్రికలో అచ్చయింది. దాని రచయితల్లో ఒకరు జేమ్స్ లియాంగ్, ఆ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకాయన. అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. పరిశోధన అంటే వ్యాపారానికి దూరంగా జరిగిపోవడమనే భయం మీకుంటే, ఈయన సంగతి గుర్తుపెట్టుకోండి.

ఈ కథ మీ అమ్మాయికి చెప్పి చూడండి. ‘బాగుంది’ అని ఊరుకుంటే తొందరపడొద్దు. ‘వాళ్లంతా కావాలని ముందుకొచ్చినవాళ్లే కదా, ఇష్టం లేనివాళ్లను పంపితే కూడా ఇలాగే జరుగుతుందా?’ అని ఎదురడిగితే మాత్రం, ఆ అమ్మాయికి ఈ చదువు పడుతుంది. ఎంబీఏ సీటు కోసం పోటీ పడటం ఇష్టంలేక దీన్ని ఎంచుకుంటే మొదటి సెమిస్టర్‌లోనే ఇబ్బంది పడుతుంది.

ఎందుకంటే చదువు తేలిక కాదు. వారం వారం జర్నల్ పేపర్లు చదివి, వాటిలో లొసుగు ఎక్కడుందో సెమినార్‌లో చెప్పాలి. ఒకదాని మీద ఇంకొకటి ఎంత ఆధారపడుతుందో లెక్కగట్టే రిగ్రెషన్ తప్పదు, దానికి ఆర్ గానీ స్టాటా గానీ, ఏదో ఒక స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. ఇంటర్వ్యూల మీద ఆధారపడే పరిశోధన సులువనుకుంటారు చాలామంది. ఒక గంట ఇంటర్వ్యూను మాటకు మాట రాసుకోవడానికి నాలుగైదు గంటలు పడుతుందని కూర్చున్నాక గానీ తెలియదు. పైగా ఉద్యోగులను ఒక్క ప్రశ్న అడగాలన్నా ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి.

నేను చూసినంతలో థీసిస్‌లు ఎక్కువగా దెబ్బతినేది కంపెనీ దగ్గరే. మొదట ‘తప్పకుండా రండి’ అంటారు. తీరా డేటా అడిగే సమయానికి ఆ మేనేజర్ మారిపోతాడు, కొత్తాయన మెయిల్‌కు జవాబివ్వడు. అందుకే ఎవరి అనుమతీ అక్కర్లేని డేటాతో, కంపెనీల వార్షిక నివేదికల వంటి వాటితో నడిచే రెండో దారి మొదటి రోజు నుంచే పక్కన పెట్టుకోమంటాను. ఇది మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

ఇక మీ వారి వాదన. అందులో సగం నిజముంది. ఎంబీఏ చేసి పీహెచ్‌డీలో చేరినవాళ్లు లేకపోలేదు. కానీ పీహెచ్‌డీ సీటిచ్చేవాళ్లు చూసేది వేరు: పరిశోధనా పద్ధతులు ఎంత వచ్చు, సొంతంగా రాసిన థీసిస్ ఉందా, మన పరిశోధనను దగ్గరగా చూసిన ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరం ఇచ్చారా. ఎంబీఏలో ఈ మూడూ కుదరడం కష్టం. దానికి తోడు ఎంబీఏ అప్పు నెత్తిమీద ఉంటే, మంచి జీతం వదిలి మళ్లీ స్టైపెండ్‌కు రావడానికి ఎవరికి మనసొప్పుతుంది? మీ అమ్మాయికి ఇంకా తేలకపోతే, ఎంబీఏ కంటే రెండేళ్లు ఉద్యోగం చేసి రావడమే మంచి వంతెన అని నా అభిప్రాయం. మంచి ప్రశ్నలు అక్కడే పుడతాయి, కంపెనీల్లో తలుపు తీసే మనుషులూ అక్కడే పరిచయమవుతారు.

రీసెర్చ్ మాస్టర్స్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బ్రిటన్‌లో మాస్టర్స్ మామూలుగా ఏడాది, 180 క్రెడిట్లు. అక్కడ దీన్ని ఎంరెస్ (మాస్టర్ ఆఫ్ రీసెర్చ్) అంటారు, చాలాచోట్ల పరిశోధనా పద్ధతులు, థీసిస్ కలిసి అందులో సింహభాగం తీసుకుంటాయి. ఏడాది మాస్టర్స్, ఆ తర్వాతి పీహెచ్‌డీ కలిపి నిధులిచ్చే పద్ధతి కూడా అక్కడ కొన్నిచోట్ల ఉంది. నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్, గ్రోనింగెన్ వంటి చోట్ల ఇది రెండేళ్లు, 120 యూరోపియన్ క్రెడిట్లు (బ్రిటన్ క్రెడిట్ల లెక్క వేరు), పీహెచ్‌డీకి తయారుచేయడమే దాని ఉద్దేశం. అమెరికాలో బిజినెస్ పీహెచ్‌డీకి విడిగా మాస్టర్స్ ఉండాలన్న నియమం చాలాచోట్ల లేదు. ఐదేళ్ల కోర్సులో మొదటి రెండేళ్లు క్లాసులతోనే గడుస్తాయి. కాబట్టి పేరు చూసి దరఖాస్తు చేయొద్దు. థీసిస్ వాటా ఎంత, స్టాటిస్టిక్స్ నేర్పుతారా, ఇక్కడ చదివినవాళ్లలో పీహెచ్‌డీకి ఎంతమంది వెళ్లారు, నిధులు ఎవరిస్తారు అని మెయిల్ పెట్టి అడగండి. సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేర్పించకండి.

యూనివర్సిటీ పేరు కన్నా గైడ్ ముఖ్యమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఆ ప్రొఫెసర్ గత మూడు నాలుగేళ్లలో ఏం రాశారు? అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ జర్నల్, అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ జర్నల్ వంటివాటిలో ఏమైనా వచ్చిందా? వాళ్ల దగ్గర ఇప్పుడు చదువుతున్నవాళ్లను ‘మీరు పంపిన అధ్యాయం ఎన్ని వారాల్లో చదివి తిరిగిస్తారు?’ అని ఒక్క మాట అడిగితే చాలు, అసలు సంగతి బయటపడుతుంది.

ఉద్యోగాల మాట దాచను. ఎంబీఏకు ఉన్నట్టు కంపెనీలు వరసకట్టి క్యాంపస్‌కు రావడం దీనికి ఉండదు. పీహెచ్‌డీకి వెళ్లనివాళ్లు కన్సల్టింగ్ సంస్థల రీసెర్చ్ విభాగాల్లో, మార్కెట్ రీసెర్చ్‌లో, విధాన పరిశోధనా సంస్థల్లో, ఉద్యోగుల డేటా విశ్లేషించే హెచ్‌ఆర్ బృందాల్లో చేరతారు. యాప్‌లో ఒక మార్పును కొందరికే చూపించి ఫలితం కొలిచే కంపెనీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ పని కూడా పైన చెప్పిన పుట్టినతేదీ ఉపాయం లాంటిదే. కాకపోతే ‘నేను చదివింది మీకు ఇలా పనికొస్తుంది’ అని ప్రతి ఇంటర్వ్యూలో తనే విడమరిచి చెప్పుకోవాలి. లెక్చరర్ ఉద్యోగం తప్ప ఏమీ రాదన్నది తప్పు. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం దానంతటదే వస్తుందనుకోవడం ఇంకా పెద్ద తప్పు.

తల్లిగా మీరు ఒకటి తెలుసుకోవాలి. ఈ చదువులో ఏమీ జరగనట్టు కనిపించే నెలలుంటాయి. ఊహించినది డేటాలో కనిపించకపోవచ్చు. పద్ధతి సరిగ్గా ఉంటే అదీ ఫలితమే, దానితో డిగ్రీ వస్తుంది. అలాంటి రోజుల్లో ఫోన్ చేసి ‘ఎప్పుడవుతుంది?’ అని అడక్కండి, ‘ఈ వారం ఏం చదివావు?’ అని అడగండి.

ఇక ఇప్పుడు చేయాల్సింది. మీ అమ్మాయిని తన ప్రశ్న రెండు పేజీల్లో రాయమనండి. ఆ మధ్య ఒకబ్బాయి ‘నాయకత్వ శైలి, ఉద్యోగుల పనితీరు’ అనే అంశంతో నా దగ్గరకొచ్చాడు. ఎవరి నాయకత్వం, ఏ ఉద్యోగులు, పనితీరును దేనితో కొలుస్తావని అడుగుతూ పోయాను. మూడోసారి కూర్చునేసరికి అది ‘కాల్ సెంటర్‌లో టీమ్ లీడర్ మారిన మొదటి మూడు నెలల్లో మానేసేది పాతవాళ్లా, కొత్తవాళ్లా?’ దగ్గర ఆగింది. మొదటిది ఒక జీవితానికి సరిపడే పని, రెండోది ఏడాదిలో తేలుతుంది. మీ అమ్మాయి ప్రశ్న కూడా అంత చిన్నదయ్యేవరకు చెక్కమనండి. ఎంబీఏ దరఖాస్తు నింపేలోపే ఆ రెండు పేజీలు నాకు పంపితే, చదివి తనకే నేరుగా జవాబు రాస్తాను.