పాప చేతికి ఒక ముద్ద ఇవ్వు

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోనులో అన్న మాటకు నాకు నిద్ర పట్టలేదు. ఆదివారమంతా వంటింట్లో నిలబడి ఖర్జూరం, జీడిపప్పు కలిపి లడ్డూలు చుట్టావు. పాప ఒకటి నాకి చూసి కింద పడేసింది. రాత్రి పన్నెండు దాకా కూర్చొని రంగు కాగితాలతో చేపను చేశావు. పొద్దున లేవగానే దాని తోక పీకి వెళ్ళిపోయింది. "నాకు చేతకావడం లేదు పెద్దమ్మా" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. పొద్దంతా ఆఫీసులో పని చేసి వచ్చి, మళ్ళీ పాప కోసం ఇంత కష్టపడే తల్లికి చేతకాకపోవడమేమిటి?

నాకు తోచిన కారణం ఒక్కటే. నువ్వు చేసినవన్నీ పాప నిద్రపోయినప్పుడో, అత్తమ్మ ఎత్తుకొని తిప్పుతున్నప్పుడో చేశావు. రెండేళ్ళ పిల్లకు తయారై వచ్చిన లడ్డూ పరాయి వస్తువు. తాను పిసికిన ముద్ద వంకరగా ఉన్నా తనది. దేవరకొండ వైపు ఊళ్ళలో ఇరవై ఎనిమిదేళ్ళు అంగన్‌వాడీ నడిపాను. పళ్ళెంలో పెట్టింది ముట్టని పిల్లలు తాము కలిపిన పిండిని వేళ్ళు నాకి మరీ తినడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకని నీ పని సగం తగ్గించుకో. మిగతా సగం పాప పక్కన కూర్చొని చెయ్యి.

వచ్చే వారం తొలి ఏకాదశి. పేలపిండితో మొదలుపెట్టు. పేలాలకు పనికొచ్చే జొన్నలు నేను పంపిస్తున్నాను. వాటి మీద కాసిని నీళ్ళు చల్లి, మూతపెట్టి గంటసేపు ఉంచు. మందపాటి మూకుడు బాగా కాలాక ఒక్కసారికి గుప్పెడు మాత్రమే వేసి మూత పెట్టు. పాపను చంకలో ఎత్తుకొని కాదు, పొయ్యికి దూరంగా అత్తమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి ఆ చప్పుడు విననివ్వు. టపటపమంటుంటే ఆ కళ్ళు ఎలా విచ్చుకుంటాయో చూడు. తర్వాత జల్లెడ పట్టి, పేలని గింజలు ఒక్కటి కూడా మిగలకుండా తీసెయ్యి. అవి రాళ్ళలా ఉంటాయి. మిగిలిన పేలాలను మిక్సీలో మెత్తగా పట్టు.

పాప వంతు ఇక్కడ మొదలవుతుంది. కింద పాత దుప్పటి పరిచి, స్టీలు పళ్ళెంలో పాప పిడికిలితో నాలుగు పిడికిళ్ళ పిండి పొయ్యి. పెద్దవాళ్ళకైతే పిండిలో సగం దాకా బెల్లం వేస్తాం. పాపకు ఎనిమిదో వంతు చాలు. ఒక చెంచా నెయ్యి, గోరువెచ్చని పాలు చల్లి, ఇక కలపమను. నువ్వు సరిచెయ్యకు. ముద్ద విరిగిపోతే విరిగిపోనీ. పిండి సగం దుప్పటి మీద పడుతుంది, దులుపుకుంటే పోతుంది. తినగలిగినంత తింటుంది. మిగిలితే నువ్వూ అల్లుడూ తినండి, కానీ పాప చూస్తుండగా తినండి. తాను చేసింది నాన్న తిన్నాడని ఆ పిల్ల వారం రోజులు చెప్పుకుంటుంది.

పొడి పిండి మాత్రం నోట్లో వెయ్యకు. పేలపిండి అయినా, సత్తుపిండి అయినా, తడిపి ముద్ద చేశాకే ఇవ్వాలి. నవ్వినప్పుడో ఏడ్చినప్పుడో పొడి ఊపిరి గొట్టంలోకి పోతుంది. పల్లీలు, పుట్నాలు, జీడిపప్పు, పేలాలు ఏవైనా సరే, గింజగా ఇవ్వకు. ఐదేళ్ళు వచ్చేదాకా దంచి, నూరి పెట్టడమే. ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు. మీ అన్నకు రెండున్నరేళ్ళప్పుడు వాకిట్లో పల్లీలు ఒలుస్తున్నాను. గుప్పెడు నోట్లో వేసుకొని కోడిపిల్ల వెంట పరుగెత్తాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ముఖం నల్లబడింది, గొంతులోంచి శబ్దం లేదు. మా అత్తమ్మ వాణ్ణి ముందుకు వంచి వీపు మీద కొడితే గింజ ఊడిపడింది. నాకు కాళ్ళలో వణుకు రెండు రోజులు తగ్గలేదు.

అందుకే ఇది కూడా నేర్చుకొని ఉంచుకో, అల్లుడికీ అత్తమ్మకూ నేర్పు. పిల్ల దగ్గుతుంటే దగ్గనివ్వాలి. దగ్గూ మాటా రాకపోతే ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో గట్టిగా ఐదుసార్లు కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనుక నుంచి చుట్టి పట్టుకొని, బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండగానే ఇంకొకరు 108కు ఫోను చెయ్యాలి. ఏడాది లోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి తిప్పకూడదు, ఇంకా లోపలికి పోతుంది.

బెల్లం సంగతి. "చక్కెర మానేశాను, అన్నీ బెల్లంతోనే" అని సంతోషంగా చెప్పావు. బెల్లం కూడా తీపే తల్లీ, పళ్ళకూ అలవాటుకూ రెండూ ఒకటే. రెండేళ్ళ లోపు ఏ తీపీ కలపకూడదని వైద్యులు చెబుతారు. పాప ఆ వయసు దాటింది కాబట్టి రుచికి కొంచెం వెయ్యి, అంతే. మాగిన అరటిపండు మెదిపి కలిపితే చాలాసార్లు బెల్లం అక్కరే ఉండదు. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను: అన్నం తింటే లడ్డూ ఇస్తానని ఎప్పుడూ అనకు. అలా అన్న రోజు నుంచి అన్నం శిక్ష అవుతుంది, లడ్డూ గెలుపు అవుతుంది. పగలు పదకొండుకు, సాయంత్రం నాలుగున్నరకు, ఆ రెండు వేళల్లో పిడికెడు పెట్టు. తిన్నా తినకపోయినా పళ్ళెం తీసెయ్యి.

నువ్వు ఆఫీసు నుంచి వచ్చి పెద్ద పని పెట్టుకోలేవు కాబట్టి మలీద అలవాటు చెయ్యి. పొద్దున మిగిలిన జొన్నరొట్టెనో చపాతీనో చిన్న చిన్న తునకలు చేసి, బెల్లం, నెయ్యి వేసి పిసికితే అదే మలీద ముద్ద. సద్దుల బతుకమ్మకు చేసుకునేదే, మామూలు రోజుల్లో చేసుకుంటే ఎవరు వద్దంటారు? రొట్టె తుంచే పని మొత్తం పాపకే వదిలెయ్యి. వేళ్ళకు అంతకన్నా మంచి ఆట లేదు.

తైదల జావ, అదే రాగి జావ, వారానికి నాలుగు రోజులైనా ఉండాలి. వంద గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటుంది, పాలలో ఉండేదానికి రెండింతలకు పైగా. రాత్రి నానబెట్టి, బట్టలో కట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించుకుంటే త్వరగా అరుగుతుంది. నువ్వులు కూడా మంచివే కానీ నూరి పెట్టు. నమలని నువ్వు గింజ వచ్చినట్టే బయటికి పోతుంది. పల్లీలు మన పాలమూరువే కొను, కానీ వేయించే ముందు చాటలో పోసి ఏరు. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి పారెయ్యి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. ఇంటికి దగ్గరలో అంగన్‌వాడీ ఉంది కదా, పేరు రాయించి బాలామృతం తెచ్చుకో. ఉద్యోగం చేసేవాళ్ళు తెచ్చుకోకూడదని ఎవరు చెప్పారు నీకు? ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల పొట్లం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర అందులోనే ఉంటాయి, మళ్ళీ తీపి వెయ్యకు.

పండ్లకు ఎక్కడికో చూడనక్కరలేదు. నల్లగొండ బత్తాయి తొన మీది పొర, గింజ తీసి అన్నం తిన్నాక రెండు తొనలు పెట్టు. పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయం చేస్తుంది. దసరా నాటికి బాలానగర్ సీతాఫలాలు వస్తాయి. గింజలన్నీ నువ్వే తీసి గుజ్జు ఒక్కటే ఇవ్వు, ఆ గింజ నమిలితే మంచిది కాదు. పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకు. పాలతో కడుపు నిండిన పిల్ల ఇంకేమీ తినదు, రక్తం తగ్గుతుంది.

నీళ్ళ మాట చెప్పకపోతే నేను నల్లగొండ దాన్నే కాదు. జావకైనా, పిండి తడపడానికైనా మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడు, బోరు నీళ్ళు వద్దు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళకు కాళ్ళు వంగిపోయిన పిల్లలను ఎత్తుకున్న చేతులివి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇక బొమ్మల సంగతి. ఆ మెరుపు పూసలు, గుండీలు, చిన్న బ్యాటరీలున్న బొమ్మలు ఈ రోజే పైఅరలో పెట్టెయ్యి. గుండీలాంటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. దుకాణం జిగురు కూడా వద్దు. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల మైదా కలిపి ఉడికిస్తే చక్కటి బంక వస్తుంది. రంగులకు పసుపు, బీట్‌రూట్ నీళ్ళు, పాలకూర రసం ఉన్నాయి. ఎండిన మోదుగ పూలు కూడా పంపుతున్నాను, నీళ్ళలో మరిగిస్తే నారింజ రంగు దిగుతుంది. ఆరాక పాత తెల్ల బట్ట మీద పాప అరచేతులు అద్దించు. ఆ బట్ట దాచిపెట్టుకో, ఆ రోజు తేదీ వేసి.

ఆట పిండి కోసం ఉప్పు కలిపిన ముద్ద చేస్తున్నానని అన్నావు. అది పెద్ద పిల్లలకు. రెండేళ్ళ పిల్ల ఏదైనా నోట్లో పెడుతుంది, అంత ఉప్పు మింగితే ప్రమాదం. ఉత్త గోధుమపిండి, పసుపు, నీళ్ళు, చుక్క నూనె చాలు. ఒక్కరోజు ఆడాక పారేసి మళ్ళీ కలుపుకోవచ్చు.

నిజానికి మట్టిని మించింది లేదు. మొన్న ఏరువాక పున్నమికి మా వీధి పిల్లలు మట్టి ఎడ్లు చేసి వరుసగా నిలబెట్టారు. ఒకదానికి కొమ్ములు లేవు, ఇంకొకదానికి మూడే కాళ్ళు. ఎంత బాగున్నాయో చెప్పలేను. నువ్వు కూడా మూడేళ్ళప్పుడు మా వాకిట్లో గురుగులు చేసి వాటిలో ఇసుకతో అన్నం వండావు, గుర్తుండదు నీకు. శుభ్రమైన చోట మట్టి తెప్పించి, రాళ్ళు ఏరి, తడిపి ఇవ్వు. ఆడిన తర్వాత గోళ్ళు సబ్బుతో కడుగు. వినాయక చవితికి గుప్పెడు మట్టి పాపకూ ఇవ్వు, తాను చేసిందీ పీట మీద పక్కన పెట్టండి.

జొన్న దంటుతో బండి చెయ్యడం పెద్దనాన్నకు తెలిసినంత ఎవరికీ తెలియదు. దంటు మీది పెచ్చు కత్తిలా కోస్తుంది కాబట్టి అది పెద్దవాళ్ళే ఒలవాలి. లోపలి మెత్తటి బెండును పాప గుచ్చి ఆడుకోవచ్చు. పుల్లలకు బదులు మొద్దుబారిన బెండు ముక్కలే వాడండి. వచ్చే ఎండాకాలం ఇక్కడికి వస్తే ముంజలు తిని, ఆ కాయలకు కర్ర గుచ్చి బండి చేసిస్తాడు. పాత చీర ముక్కలతో బొమ్మ నువ్వే కుట్టొచ్చు. కళ్ళకు గుండీలు కాకుండా దారం కుట్టు వెయ్యి. జానెడు కంటే పొడవైన దారమూ తాడూ బొమ్మకు వదలకు, మెడకు చుట్టుకుంటాయి.

పూలూ గింజలూ ఏరుకురావడం మంచిదే, కానీ మూడు మాత్రం ఇంట్లోకి రానివ్వకు. గురివింద గింజలు ఎర్రగా, నల్లచుక్కతో అందంగా ఉంటాయి, దండలు గుచ్చుతారు. పగలగొట్టి నమిలితే ఒక్క గింజ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఆముదం గింజలూ అంతే. మన చేలల్లో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, మచ్చలు మచ్చలుగా ముద్దొస్తాయి. మూడోది గన్నేరు, ఆకూ పువ్వూ ఏదీ వద్దు. బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి ఉన్నాయి. రేకులు తెంపి పళ్ళెంలో పొయ్యడం పాప పని, పేర్చడం నీ పని.

అత్తమ్మ బిస్కెట్లు పెడుతోందని కోపంగా ఉన్నావు. ఆమె చెడ్డ మనసుతో పెట్టడం లేదు, ఏడుపు ఆపడానికి పెడుతోంది. వాదించకు. "పేలాలు మీరు పేల్చినట్టు నాకు రావడం లేదత్తమ్మా, నేర్పండి" అని అడుగు. నేను చూసిన అత్తలందరూ ఆ ఒక్క మాటకు కొంగు బిగించారు.

రోజూ ఏదో ఒకటి కొత్తగా చెయ్యాలని పెట్టుకోకు. వచ్చాక కాళ్ళు కడుక్కొని ఇరవై నిమిషాలు, ఫోను ఇంకో గదిలో ఉంచి కింద కూర్చో. చేసే విధానం ఫోనులో చూడాలంటే పాప పడుకున్నాక చూసుకో. రెండేళ్ళ పిల్లకు తెర రోజుకు గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆదివారం ఒక్క పని చాలు, వంటో, బొమ్మో, ఏదో ఒకటి. వంట అల్లుడు కూడా నేర్చుకుంటాడు, చెప్పి చూడు.

శుక్రవారం పొద్దుటి బస్సుకు మీ అన్న వస్తున్నాడు. సంచిలో జొన్నలు రెండు కిలోలు, మోదుగ పూల పొట్లం, పెద్దనాన్న చేసిన బెండ్ల బండి ఉన్నాయి. బండి ఒక చక్రం వదులుగా ఉంది, పాప ఊడదీస్తే మళ్ళీ గుచ్చి ఇవ్వమని చెప్పాడు. జొన్నలు ఒక పూట ఎండలో వేసి డబ్బాలో పోసుకో.

మీ పెద్దమ్మ