ఋతువు మారే పద్నాలుగు రోజులు

ప్రశ్న: పగలూ రాత్రీ సమానమయ్యే రోజున మా బృందం 108 సూర్య నమస్కారాలు చేయాలనుకుంటోంది. రోజూ పన్నెండు చేసే అలవాటు ఉంది. నేరుగా 108 చేయొచ్చా? లెక్క తప్పకుండా ఎలా?

జవాబు: నేరుగా వద్దు. ఆయాసంతో ఆగిపోయేవాళ్లకంటే మణికట్టు, భుజం నొప్పితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఊపిరి త్వరగా అలవాటుపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తంతువులు గట్టిపడటానికి మాత్రం వారాలు పడుతుంది. అందుకే ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. వారంలో రెండు రోజులే సంఖ్య పెంచండి, మిగతా రోజుల్లో మీ పన్నెండు చాలు. మొదటి వారం 24, ఆ తర్వాత వరుసగా 36, 48, 60, 72. ఆరో వారం మళ్లీ 36కి దిగి, ముందురోజు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి.

బృందంగా చేస్తున్నారు కాబట్టి మీ లెక్కలో ‘ఒకటి’ అంటే ఏమిటో ముందే తేల్చుకోండి. కొన్ని సంప్రదాయాల్లో కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి చేస్తేనే ఒక ఆవృత్తి. ఆ లెక్కన 108 అంటే 216 సార్లు వంగి లేవాలి! ఒక్కో కాలికి ఒకటిగా లెక్కించి 54 జతలు చేయడమే మంచిది. ఒక్కోదానికి 35–40 సెకన్లు పడుతుంది. విరామాలతో కలిపి గంటా ఇరవై నిమిషాలు పెట్టుకోండి.

పన్నెండేసి చొప్పున తొమ్మిది సెట్లు చేయండి. మ్యాట్ ముందు తొమ్మిది గింజలు పెట్టుకుని, సెట్ అయినప్పుడల్లా ఒకటి పక్కకు జరపండి. బేసి సంఖ్యకు కుడికాలు, సరి సంఖ్యకు ఎడమకాలు వెనక్కి వెళ్లాలి. ‘ఏడు’ అనుకుంటూ ఎడమకాలు వెనక్కి వేశారంటే లెక్క తప్పినట్టే.

ఐదో సెట్ దాటాక అష్టాంగ నమస్కారం పాడవుతుంది. మోకాళ్లు, ఛాతీ, గడ్డం క్రమంగా ఆనించాల్సింది పోయి ఒక్కసారిగా నేలమీద పడిపోతారు. మోచేతులు పక్కలకు విచ్చుకుని బరువంతా భుజం ముందుభాగం మీద పడుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనుకునే ఉండాలి. అలా దిగే బలం లేదనిపిస్తే ఆ సెట్ నుంచి ఛాతీ దించడం మానేసి, మోకాళ్లమీదే ఆగి, చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుం పైకెత్తే పర్వతాసనంలోకి వెళ్లండి. పర్వతాసనంలో మణికట్టు నొప్పి వస్తోందంటే బరువు చిటికెనవేలి వైపు అంచుమీద పడుతోందన్నమాట. బొటనవేలు, చూపుడువేలు మొదళ్లను నేలకు నొక్కండి. బోర్లా ఉండి ఛాతీ పైకెత్తే భుజంగాసనంలో చేతులతో తోసుకుని లేవకండి. వంపంతా నడుం దగ్గరే వచ్చేస్తుంది. అలసట వస్తే విరామం తీసుకోవచ్చు కానీ, పొడిచినట్టు నొప్పి గానీ తిమ్మిరి గానీ వస్తే అక్కడితో ఆపేయాల్సిందే.

భోజనానికీ సాధనకూ మధ్య మూడు నాలుగు గంటలు ఎడం ఉండాలి. చివరి నమస్కారం కాగానే పడుకోకండి. రెండు నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు శవాసనం వేయండి. గర్భిణులు, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, హెర్నియా, గ్లకోమా, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. వాళ్లు కూర్చుని పన్నెండేసి చొప్పున తొమ్మిది సెట్లు శ్వాసను లెక్కిస్తూ బృందంతో కలవొచ్చు. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

ప్రశ్న: ఎండాకాలం నుంచి, చుట్టిన నాలుకతో గాలి పీల్చే శీతలి ప్రాణాయామం చేస్తున్నాను. చలి మొదలవుతోంది. మానేయాలా? బదులుగా ఏం చేయాలి?

జవాబు: మానాలి, కానీ ఒక్కరోజులో కాదు. పోయే ఋతువులో చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువులో మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అని వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం చెబుతుంది. ఆ పద్నాలుగు రోజుల్లో పాతదాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ కొత్తదాన్ని అందుకోమంటుంది. ప్రాణాయామానికి ఇది చక్కగా సరిపోయే కొలత. పద్నాలుగు ఆవృత్తులు చేస్తుంటే రోజుకొకటి తగ్గించి, ఆ ఖాళీని నాడీశోధనతో, అంటే రెండు ముక్కురంధ్రాలతో మార్చి మార్చి ఊపిరి తీసే ప్రాణాయామంతో నింపండి. కూర్చునే సమయం మారదు.

శీతలి ఎలా చల్లబరుస్తుందో తెలిస్తే ఎందుకు మానాలో తెలుస్తుంది. చుట్టిన నాలుక తడిమీదుగా గాలి వెళ్లేటప్పుడు ఆ తడి ఆవిరై చల్లదనం ఇస్తుంది. ఉక్కపోతలో దాని ప్రభావం తగ్గేది అందుకే. నోటితో పీల్చే గాలికి ముక్కు చేసే వడపోత, వెచ్చదనం, తేమ అందవు. చలిలో ఆ పొడిగాలి నేరుగా గొంతుకు తగిలి దగ్గు తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంకా ముందే ఆపాలి.

శీతలి పూర్తిగా ఆగాక సూర్యభేదనం మొదలుపెట్టండి. కుడి ముక్కుతో పీల్చి ఎడమ ముక్కుతో వదలాలి. మొదట మూడు ఆవృత్తులు చాలు. రెండు వారాల్లో నెమ్మదిగా తొమ్మిదికి తీసుకెళ్లండి. కుంభకం (ఊపిరి బిగబట్టడం) వద్దు. నిద్ర తేలిపోయినా, కడుపులో మంట మొదలైనా సగానికి తగ్గించండి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు నాడీశోధనతోనే ఆగాలి.

ప్రశ్న: చలికాలం పొద్దున్నే, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం వేస్తే నడుం పట్టేస్తోంది. ఎందుకు?

జవాబు: రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. ఇది అన్ని కాలాల్లోనూ ఉండేదే, చలికి కండరాలు బిగుసుకోవడం దానికి తోడవుతుంది. ముందు పది నిమిషాలు నడవండి. తర్వాత మార్జాలాసనం (చేతులు, మోకాళ్లమీద ఉండి పిల్లిలా వీపును పైకీ కిందికీ వంచడం) ఎనిమిది పదిసార్లు చేయండి. మొదటి నాలుగు సూర్య నమస్కారాల్లో నిలబడి ముందుకు వంగే పాదహస్తాసనాన్ని మోకాళ్లు మడిచే వేయండి. పశ్చిమోత్తానాసనాన్ని సాయంత్రానికి మార్చుకుంటే ఇంకా మేలు.

ప్రశ్న: వసంతం, శరత్తుల్లోనే యోగం మొదలుపెట్టాలంటారు. మేముండేది దక్షిణార్ధగోళంలో. మాకు ఏ నెలలు?

జవాబు: హఠయోగ గ్రంథం ఘేరండ సంహితలోని మాట అది. హేమంత, శిశిర, గ్రీష్మ, వర్ష ఋతువుల్లో మొదలుపెడితే రోగాలు వస్తాయనీ హెచ్చరిస్తుంది. మీకు వసంతం సెప్టెంబరులో, శరత్తు మార్చిలో మొదలవుతాయి. జూన్ 21 ప్రాంతం మీకు ఏడాదిలో అతి చిన్న పగలు, సాధన తగ్గించుకోవాల్సిన కాలం. భూమధ్యరేఖ దగ్గర ఉండేవాళ్లకు పగటి పొడవు పెద్దగా మారదు, వాళ్లు వానను బట్టి లెక్కించుకోవాలి. ఆ నియమం వచ్చేది ప్రాణాయామ అధ్యాయంలో, అదీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ల గురించి. తేలికైన ఆసనాలు ఇప్పుడే మొదలుపెట్టండి. కొలిమితిత్తిలా వేగంగా ఊపిరి తీసి వదిలే భస్త్రిక లాంటివి మాత్రం వసంతం దాకా ఆపండి.