కొమాక్కియోకి రైలు ఎందుకు దొరకట్లేదంటే

ఇటలీలో వెనిస్ నుంచి కొమాక్కియో అనే ఊరికి రైలు దొరకట్లేదన్నారు కదండీ. ఆ ఊళ్లో స్టేషనే లేదు. ఫెరారా నగరం దాకా రైల్లో వెళ్లి బస్సెక్కండి.

కాలువలున్నాయని వెనిస్ కిందకే వస్తుందనుకోకండి; ఇది ఎమీలియా-రొమాన్యా అనే వేరే ప్రాంతంలో, పో నది డెల్టాలో ఉంది. ఉప్పు వ్యాపారంలో పోటీపడి, మధ్యయుగాల్లో వెనిస్ చేతిలోనే నాశనమైంది! ఇప్పుడు అందరూ ఫొటోలు తీసుకునే ట్రెపోంతి వంతెన 1634లో, పోప్ పాలనలో కట్టింది. ముందు మూడు, వెనక రెండు మెట్ల వరుసలు.

చేపలు ఊరబెట్టే మరినాతి కర్మాగారం మాత్రం తప్పక చూడండి. సముద్రానికి బయల్దేరిన ఈల్ చేపలను (పాముల్లా పొడవుగా ఉంటాయి) శరదృతువులో మాటువేసి పట్టి, చువ్వలకు గుచ్చి కట్టెల మంటపై కాల్చి, వెనిగర్‌లో ఊరబెడతారు. మ్యూజియమే అయినా పని ఆగలేదు.