ఇంట్లో చేసుకునే ఎక్సర్‌సైజులు ఏ తెలుగులో రాసివ్వాలి?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర. ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో వచ్చే తెలుగువాళ్లకు ఇంటి దగ్గర చేయాల్సిన ఎక్సర్‌సైజులు కాగితం మీద రాసిస్తుంటాను. ‘వెల్లకిల శయనించి, జానువును వంచక పాదమును పైకెత్తవలెను. దినమునకు మూడు పర్యాయములు, రెండు కాళ్లకును పది సార్లు చేయవలెను’ అని రాస్తే అర్థం కాలేదంటున్నారు. వాడుక భాషలో రాస్తే డాక్టరు రాసినట్టు ఉండదని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఏది సరైనది? తెలుగు చదవడం రానివాళ్లకు ఒడియా లిపిలో తెలుగు రాసివ్వవచ్చా?

సమాధానం: వాడుక భాషలోనే రాయండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. 1880లో మీ పర్లాకిమిడిలోనే పంతులుగా చేరిన గిడుగు రామమూర్తిగారు చదువుకునే తెలుగు జనం మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని దశాబ్దాల పాటు పోరాడారు. ఆ ఊరి రోగి చేతికి ‘జానువు’ అన్న కాగితం వెళ్లడం నాకు కష్టంగా ఉంది.

అయితే ‘శయనించి’ తీసేసి ‘పడుకుని’ అని పెట్టినంత మాత్రాన మీ కాగితం బాగుపడదు. మీ దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది దాన్ని తాము చదవరు. మనవడో కోడలో చదువుతుంటే వింటూ చేస్తారు. చెవికి వాక్యం ఏ వరసలో చేరుతుందో శరీరం ఆ వరసలోనే కదులుతుంది. మన భాషలో ‘వద్దు’ అనే భాగం క్రియకు చివర వస్తుంది. ‘మోకాలు వంచ...’ అని వినబడగానే వింటున్న పెద్దావిడ వంచేస్తుంది, ‘...కుండా’ ఆ తరవాత చేరుతుంది. అందుకని చేయకూడనిది కాక చేయాల్సింది చెప్పండి: ‘మోకాలు చాపే ఉంచండి.’

‘పాదమును పైకెత్తవలెను’ దగ్గర ఇంకో చిక్కు ఉంది. అది విని మడమ నేలకు ఆనించి వేళ్లు మాత్రం లేపేవాళ్లుంటారు. పోనీ ‘కాలు’ అందామా, ‘కాళ్లు కడుక్కో’ అన్నప్పుడు కాలంటే పాదమే కదా. మీకు కావలసింది తుంటి దగ్గర నుంచి లేవడం కాబట్టి ‘కాలు మొత్తం’ అని రాయండి. ఎంత ఎత్తు అన్నది అంగుళాల్లో వద్దు. మడిచి పెట్టిన రెండో మోకాలి ఎత్తు దాకా అంటే కళ్లకు కనిపిస్తుంది.

‘ఊపిరి పీల్చి ఎత్తండి’ అని చాలా కాగితాల్లో చూస్తుంటాను. ‘పీల్చి’ క్త్వార్థకం, అంటే ఒక పని అయ్యాక మరో పని. పీల్చడం అయింది, వదలమని ఎవరూ చెప్పలేదు, ఊపిరి బిగబట్టి కాలు ఎత్తుతారు. బీపీ ఉన్నవాళ్లకు అది మంచిది కాదని మీకు తెలుసు. రెండు పనులూ కలిసి సాగాలంటే శత్రర్థకం కావాలి: ‘ఊపిరి వదులుతూ ఎత్తండి.’

ఇక లెక్క. ‘రెండు కాళ్లకును పది సార్లు’ అంటే మొత్తం పదా, ఒక్కో కాలికి పదా? రోజంతటికీ కలిపా, ప్రతిసారీనా? దీనికి మన భాషలో ‘ఏసి’ ఉంది. ‘ప్రతిసారీ రెండు కాళ్లకూ పదేసి సార్లు’ అంటే అనుమానం ఉండదు. ‘మూడు పూటలా’ అని మాత్రం రాయకండి, మందుబిళ్లల అలవాటు కొద్దీ అన్నం తిన్న వెంటనే మొదలుపెడతారు.

నొప్పి గురించి ‘నొప్పి వచ్చేవరకు చేయండి’ అనే వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయండి. మీ మనసులో అది హద్దు, వినేవాళ్లకు మాత్రం నొప్పి తెప్పించుకోమన్న ఆజ్ఞ.

నేనైతే ఇలా రాస్తాను: ‘వెల్లకిలా పడుకోండి. ఎడమ మోకాలు మడిచి పాదం నేలకు ఆనించండి. కుడి కాలు చాపండి, చాపే ఉంచండి. ఊపిరి వదులుతూ కుడి కాలు మొత్తం నెమ్మదిగా లేపండి. ఎడమ మోకాలి ఎత్తు దాకా చాలు. అక్కడే ఉంచి, ఒకటి నుంచి అయిదు దాకా నోటితో పైకి లెక్కపెట్టండి. నెమ్మదిగా దించండి. ఇలా పదిసార్లు. తరవాత ఎడమ కాలితో పదిసార్లు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేయండి. అన్నం తిన్న వెంటనే వద్దు. మోకాలు నొప్పి పెడితే ఆపేసి, నాకు చెప్పండి.’

మీ వైపు ‘పడుకోండి’ని ‘తొంగోండి’ అనీ, ‘వదిలేయండి’ని ‘ఒగ్గేయండి’ అనీ అంటారు. దగ్గరుండి చేయించేటప్పుడు హాయిగా ఆ మాటలే వాడండి. కాగితం మీద మాత్రం అందరికీ తెలిసిన రూపం ఉంచండి, అది రాయగడ చుట్టాల చేతికీ, బరంపురం డాక్టరు చేతికీ వెళ్లవచ్చు.

ఒడియా లిపిలో నిరభ్యంతరంగా రాసివ్వండి. పిల్లలు ఒడియా మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు అదే దారి. ఒక్క జాగ్రత్త. ఆ లిపిలో ఎ, ఏలకు వేరువేరు గుర్తులు లేవు, ఒ, ఓలకూ అంతే. ‘మెడ’ రాసినా ‘మేడ’ రాసినా ఒకటే కనిపిస్తుంది. అందుకని చదివే పిల్లాణ్ని మీ ముందే ఒకసారి పైకి చదవమనండి. అతను చదువుతుంటే పెద్దావిడ చేసి చూపించాలి. ఆవిడ ఎక్కడ ఆగి మీ వైపు చూస్తుందో ఆ వాక్యం మార్చి రాయండి.