ఆయన వెళ్ళిపోతే వాళ్ళకి సంతోషం ఎట్టా వచ్చింది?

ప్రశ్న: మాది ఒంగోలు పక్కన పల్లెటూరండీ. మా ఆయన పోయి పద్నాలుగు నెలలైంది, పాప ఏడో తరగతి. ఆరోహణ పండగ గురువారం చర్చిలో, ప్రభువు పైకి వెళ్ళాక శిష్యులు మహా ఆనందంతో తిరిగొచ్చారు, మీరు కూడా ఏడుపు మానాలి అని పాస్టరుగారు నా వైపు చూసి చెప్పారు. నాకు కోపం వచ్చింది. అప్పట్నుంచి చర్చికి పోవట్లా. రాత్రిళ్ళు డాబా మీద కూర్చుని ఆకాశం కేసి చూస్తా ఉంటా. అత్తమ్మ కూడా సరిగా మాట్లాడదు. నాది అవిశ్వాసమా?

జవాబు: కాదమ్మా, అవిశ్వాసం కానే కాదు. మీకు చెప్పిన మాటే తప్పు. యేసు పైకి వెళ్ళింది ఒలీవ కొండ మీద నుంచి, అక్కడ ఆయన చనిపోలా. చనిపోయినప్పుడు శిష్యులు భయంతో తలుపులేసుకుని కూర్చున్నారు, మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడుస్తా నిలబడింది, ఆమెని ఆయన కసురుకోలా, పేరు పెట్టి పిలిచాడు. లూకా సువార్తలో రాసిన ఆ ఆనందం, ఆయన తిరిగి లేచి 40 రోజులు వాళ్ళకి కనపడి, వాళ్ళ ముందు చేప తిన్న తర్వాతది. మీ పద్నాలుగు నెలల్ని దాంతో పోల్చి మిమ్మల్ని కొలవకూడదు, అది అన్యాయం.

మరి ఆరోహణంలో మీకేం ఉంది అంటే, నాకైతే ఆ చేతులు కనపడతాయమ్మా. చేతులెత్తి దీవిస్తా దీవిస్తానే పైకి వెళ్ళాడంట. మేకులు దిగిన చేతులే అవి, ఆ ఒంటిని ఇక్కడ వదిలేసి పోలా. అంటే స్నేహితుడు లాజరు చనిపోతే అతని సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాయన, మనలాంటి ఒళ్ళున్నాయన, ఇప్పుడు తండ్రి కుడి పక్కన ఉన్నాడు, మనకోసం విజ్ఞాపన చేయడానికి నిరంతరం జీవిస్తున్నాడని హెబ్రీ పత్రిక 7వ అధ్యాయంలో ఉంది. డాబా మీద మీకు ప్రార్థనకి మాట రాకపోయినా అక్కడ మీ తరఫున మాట్లాడేవాడున్నాడు. ఆయన యెరూషలేములోనే ఉండిపోయుంటే మీ డాబా దాకా ఎట్టా వస్తాడు చెప్పండి, నేను వెళ్తేనే ఆదరణకర్త, అంటే పరిశుద్ధాత్మ, మీ దగ్గరికి వస్తాడని అందుకే గదా అన్నాడు.

ఇంకొకటి. శిష్యులు ఆ కొండ దిగినాక మేడగదిలో ఎవరెవరున్నారో అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో చూడండి, యేసు తల్లి మరియ ఉంది. కొడుకు సిలువ మీద పోవడం చూసింది, మళ్ళీ దొరికాడు, 40 రోజులకి మళ్ళీ కంటికి కనపడకుండా పోయాడు. సిలువ మీద నుంచే ఆయన ఆమెని యోహానుకి అప్పజెప్పాడు, ఒంటరిగా వదల్లా.

మీ ఇంట్లో కూడా కొడుకు పోయిన తల్లి ఉందమ్మా. మీరు భర్తని పోగొట్టుకున్నారు, ఆమె కన్నబిడ్డని పోగొట్టుకుంది. నోరు తెరిస్తే మీరు ఏడుస్తారని ఆమె, ఆమె ఏడుస్తదని మీరు, ఇద్దరూ ఒకే ఇంట్లో చెరో గదిలో ఉన్నారేమో అనిపిస్తంది నాకు. ఒక రాత్రి డాబా దిగి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చోండి, పాపని కూడా పిలవండి. 'ఆయన చిన్నప్పుడు ఎట్టా ఉండేవాడు అత్తమ్మా' అని అడగండి చాలు. ఆ రోజు మాట్లాడకపోతే బలవంతం చేయొద్దు, ఇంకో రోజు అడగండి.

మన ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీలు జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగువాళ్ళు కలిసి ఈ ఊరి కోసం ప్రార్థన చేశారు, మిషనరీ క్లౌ దొర ఇక్కడికొచ్చింది 1866లో. ఆ ప్రార్థనకి జవాబు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. మీకూ టైం పట్టనివ్వండి. చర్చికి వెంటనే పోలేకపోతే మీకు నమ్మకమున్న ఒక స్త్రీని ఇంటికి పిలిచి కలిసి ప్రార్థన చేసుకోండి, ఆ ప్రసంగం మిమ్మల్ని ఎంత నొప్పించిందో పాస్టరుగారికి చెప్పించండి కూడా, ఆయనకి తెలియాలి. నిద్ర, తిండి బాగా తగ్గినా, బతకాలని లేదనిపించినా ఆగొద్దు, మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే టెలి మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అడగరు, గవర్నమెంటుది.

అత్తమ్మ ఏం చెప్పిందో మళ్ళీ రాయండమ్మా, ఎదురుచూస్తుంటా.