గ్రంథాలయంలో పియానో కచేరీ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "స్వరాల జల్లులో శ్రోతలు తడిసి ముద్దయ్యారు" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం వేణువు కచేరీకీ సరిపోతుంది, వీణ కచేరీకీ సరిపోతుంది. అసలు కచేరీకి వెళ్లకుండానే రాసేయొచ్చు. నువ్వు విన్నది గ్రంథాలయంలో, మధ్యాహ్న భోజన వేళ, టికెట్టు లేకుండా జరిగిన పియానో కచేరీ. ఆ గదిలో, ఆ గంటలో నీ చెవిన పడిందేమిటో వ్యాసంలో ఎక్కడా లేదు. ఈసారి దాన్ని పట్టుకో.

అరగంట ముందే వెళ్లి మొదట గదిని విను. ఎవరో కుర్చీ జరుపుతారు. ఆ చప్పుడు ఠక్కున ఆగిపోతోందా, గోడలకు తగిలి కాసేపు తిరుగుతోందా? తివాచీ, పుస్తకాల అరలు, జనం వేసుకున్న బట్టలు ధ్వనిని మింగేస్తాయి. అలాంటి చోట పియానో పొడిగా పలుకుతుంది కాబట్టి వాయించేవాళ్లు కుడి పెడల్‌ను (స్వరం వెంటనే ఆగకుండా సాగనిచ్చే కాలి మీటను) కాస్త ఎక్కువసేపు తొక్కిపెడతారు. పాలరాతి నేల, ఎత్తైన గుమ్మటం ఉంటే కథ తిరగబడుతుంది. మంద్రంలో వేగంగా వచ్చే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి, అందుకని వేగం తగ్గిస్తారు. "నడక మందగించింది" అని రాసేముందు ఆ గదిని ఒకసారి తలుచుకో.

తర్వాత వాద్యం దగ్గరికి వెళ్లు. తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండ్ పియానోనా, నిలువుగా ఉండే అప్‌రైటా? మూత పూర్తిగా ఎత్తారా, సగమేనా? గ్రాండ్ అయితే మీటలు మనకు ఎడమవైపు వస్తాయి. చేతులు చూడాలంటే ఎడమ పక్క కూర్చో. మూతకు తగిలి వచ్చే నాదం కావాలంటే కుడి పక్క మేలు.

నువ్వు బాగా తడబడింది శ్రుతి దగ్గర. వయొలిన్ వాయించేవాళ్లు తమ వాద్యం తామే తెచ్చుకుంటారు. పియానిస్టు మాత్రం అక్కడ ఏది ఉంటే దానితోనే సర్దుకోవాలి. మీటలు 88 అయినా తీగలు రెండు వందల పైనే. మధ్య, పై స్థాయిల్లో ఒక్కో మీటకు మూడేసి తీగలుంటాయి. గాలిలో తేమ మారితే లోపలి చెక్క ఉబ్బుతుంది లేదా కుంచించుకుపోతుంది. మూడింటిలో ఒక్క తీగ జారినా ఆ స్వరం నీళ్లలో నీడలా ఊగుతుంది. ఆ మీట నొక్కిన ప్రతిసారీ అదే ఊగుడు వినిపిస్తే అది శ్రుతి దోషం. తేడా స్వరం ఒక్కసారి వినిపించి మళ్లీ రాకపోతే వేలు తప్పింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "అపశ్రుతులు దొర్లాయి" అని రాశావు. అది ఆ కళాకారిణికి అన్యాయం.

ఇక మాటల సంగతి. "శాస్త్రీయ సంగీతం" అనగానే మన పాఠకుడికి త్యాగరాజు గుర్తొస్తాడు, కాబట్టి మొదటిసారి "పాశ్చాత్య" అని చేర్చు. "సమకాలీన పియానిస్టు" అన్నావు. ఆమె ఈ కాలపు మనిషి అనా, ఈ కాలపు స్వరకర్తల రచనలు వాయిస్తుందనా? ఏదో తేల్చు. "గమకాలు పలికించింది" అన్నది కొట్టెయ్. మీట నొక్కగానే చిన్న సుత్తి తీగను కొట్టి వెనక్కి పోతుంది. ఆ తర్వాత ఆ స్వరం సన్నగిల్లడమే తప్ప వంగదు, పెరగదు. నాదం పెరిగినట్టు అనిపించడానికి కారణం తర్వాతి స్వరాలను ఇంకా గట్టిగా కొట్టడం. గ్రాండ్ పియానోలో ఎడమ పెడల్ తొక్కితే మీటల వరుస మొత్తం కొద్దిగా పక్కకు జరుగుతుంది. సుత్తి మూడు తీగలకు బదులు రెండింటినే కొడుతుంది. శబ్దం తగ్గడంతోపాటు నాదపు రంగు కూడా మారుతుంది. ఆ క్షణం ఆమె ఎడమ పాదం చూసి ఉంటే నీకు ఒక మంచి వాక్యం దొరికేది.

కొత్త రచనల దగ్గర విశేషణాల జోలికి పోకు, జరిగిన పని రాయి. అమెరికన్ స్వరకర్త హెన్రీ కావెల్ 1925 నాటి పియానో రచన 'ది బాన్షీ' చూడు: పియానిస్టు నిలబడి, చేతులు లోపల పెట్టి తీగలనే గీకుతూ మీటుతూ ఉంటే, మరొకరు మీటల ముందు కూర్చుని పెడల్ తొక్కి ఉంచుతారు. రాగి చుట్టిన మంద్ర తీగ మీద వేలు పొడవునా జారితే ఏడుపులాంటి ఊళ పుడుతుంది. ఇంత చెబితే చాలు, "వింత ప్రయోగం" అనక్కర్లేదు.

రచన మొత్తం ముగియకముందే, దాని భాగాల మధ్య కొందరు చప్పట్లు కొట్టారని విసుక్కున్నావు. 1778లో పారిస్‌లో తన సింఫనీ సాగుతుండగానే జనం చప్పట్లు కొట్టారని మోట్సార్ట్ తండ్రికి సంబరంగా ఉత్తరం రాశాడు. గ్రంథాలయానికి వచ్చేవాళ్లలో చాలామందికి అదే మొదటి కచేరీ కావచ్చు. ఎప్పుడు కొట్టారో రాయి, తప్పు పట్టకు.

"ఉచితమే అయినా ప్రమాణాలు తగ్గలేదు" అన్న వాక్యం నాకు బాధ కలిగించింది. యుద్ధకాలంలో లండన్ నేషనల్ గ్యాలరీలో చిత్రాలన్నీ భద్రమైన చోటికి తరలించాక, పియానిస్టు మైరా హెస్ 1939 అక్టోబరు 10న మధ్యాహ్నపు కచేరీలు మొదలుపెట్టింది. ప్రవేశం ఒక్క షిల్లింగు. 1946 దాకా దాదాపు 1,700 జరిగాయి. చికాగోలో 1897లో కేంద్ర గ్రంథాలయంగా తెరిచిన భవనంలో, ఆమె పేరిట ఉచిత కచేరీలు 1977లో మొదలయ్యాయి. ఈ పరంపర తెలిసినవాళ్లు "అయినా" అనరు.

పెన్ను టిక్కుమంటుంది, ఫోన్ వెలుగు పక్కవాళ్లను ఇబ్బంది పెడుతుంది. పెన్సిల్ పట్టుకెళ్లు. మెల్లని చోట్ల రాయడం ఆపేసి, ప్రతి రచన మొదలైన సమయం మాత్రం వేసుకో. ఇలాంటి కచేరీ మామూలుగా ముప్పావు గంట, విరామం ఉండదు. ఆరు వందల మాటల వ్యాసంలో అన్ని రచనలకూ సమానంగా చోటివ్వకు. ఒకదానికి రెండు వందలివ్వు, మిగతావి పేరూ ఒక గమనింపుతో సరి.

అయిపోయాక ఆమెను రెండే అడుగు: ఈ పియానోతో సాధనకు ఎంతసేపు దొరికింది? ఈ గది కోసం ఏం మార్చారు? స్వరకర్తల పేర్లు పలికించుకుని తెలుగులో రాసుకో. ఒకే పేరు నీ వ్యాసంలో మూడు రకాలుగా ఉంది. శ్రుతి గురించిన పేరా తిరగరాసి, ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో.